విల్లు దగ్గరి ఆయుధము

ఒక మంచి విల్లు అమ్మును నూరు మీటర్లకు పైగా విసరగలదు. అయినను అట్టి విల్లు చేతబట్టిన అనుభవశాలియైన వేటగాడు, పక్షి పది పదిహేను మీటర్ల దూరమునకు వచ్చువరకు అమ్మును విడువడు. ఆయుధమునకు అంత శక్తి యుండగా అతడంత దగ్గర కొరకు ఏల వేచియుండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కొంత భౌతికశాస్త్రములోను, కొంత జీవశాస్త్రములోను ఉన్నది. రెండింటిని ఒకచోట చేర్చి చూచుటకు ఉత్తర అమెరికాలోని అడవి టర్కీ కోడి వేట చక్కని ఉదాహరణము. అచట నేటికిని కొందరు చక్రములు, గురి సాధనములు లేని పాతకాలపు విల్లు పట్టి, ఒక స్నేహితుని తోడు చేసికొని, వసంతకాలమున ఆ పక్షిని వేటాడుదురు. అది ఆ దేశమున చట్టము అనుమతించిన వేట. మన దేశములో అడవి పక్షుల వేట నిషిద్ధము. కావున ఇచట మన ఉద్దేశము వేట నేర్చుట కాదు. ఒక ప్రాచీన యంత్రమును, దానికి ఎదురు నిలిచిన ఒక పక్షిని అర్థము చేసికొనుట.

నెమలికి బంధువు

టర్కీ కోడి మనకు బొత్తిగా పరాయిది కాదు. నెమలి, అడవికోడి, కౌజు, పూరేడు చేరిన ఫేసియానిడే కుటుంబములోనిదే ఇదియును. దాని శాస్త్రీయ నామము మెలియాగ్రిస్ గాల్లోపావో. అడవి పుంజు 5 నుండి 11 కిలోల వరకు తూగును; పెట్ట అందులో ఇంచుమించు సగము. పుంజు తలపైనను మెడపైనను ఈకలు దాదాపు ఉండవు. అచటి చర్మము ఎరుపు, నీలము, తెలుపు రంగులకు మారుచుండును. మెక్సికో ప్రాంతపు ప్రజలు ఈ పక్షిని రెండువేల సంవత్సరములకు పూర్వమే మచ్చిక చేసిరి. తరువాత అది యూరపు వర్తకుల ఓడలలో తూర్పు దేశములకు చేరినది. 1612లో గోవా నుండి తెచ్చిన ఒక టర్కీ పుంజును చూచి మొగలు చక్రవర్తి జహంగీరు అబ్బురపడి, దాని తల ఊసరవెల్లివలె రంగులు మార్చుటను తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు దాని బొమ్మను గీచెను.

ఈ కుటుంబపు పక్షుల స్వభావమును తెలిసికొనుటకు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల విద్యార్థులు అమెరికా పోనక్కరలేదు. కర్మాగారముల ప్రహరీల నడుమ మిగిలిన బీళ్లలోను, చెరువు గట్లపైనను, 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రములోను నెమళ్లు, కౌజులు తిరుగుచుండును. మనుష్యులకు అలవాటుపడని నెమలిని కాలినడకన సమీపించుటకు ప్రయత్నించినవారికి దాని చూపు ఎంతటిదో తెలియును. మనము దానిని చూచుటకు ముందే అది మనలను చూచియుండును.

దీనికి కారణము కన్నుల అమరిక. మన కన్నులు రెండును ముఖమున ముందువైపున ఉన్నవి. టర్కీకి, నెమలికి అవి తలకు ఇరుప్రక్కల ఉన్నవి. తలను కదల్పకయే టర్కీ తన చుట్టునున్న 360 డిగ్రీలలో సుమారు 270 డిగ్రీల మేర చూడగలదు. మెడను కొద్దిగా త్రిప్పినచో మిగిలినదియు కనిపించును. రంగులను గుర్తించు శంకుకణములు మన కంటిలో మూడు రకములైనచో, పక్షుల కంటిలో నాలుగు రకములు. వాసన పట్టుటలో మాత్రము టర్కీ అంత నేర్పరి కాదు. కావున జింకను సమీపించువానికి గాలివాటము ముఖ్యమైనట్లు, టర్కీని సమీపించువానికి కదలకుండుట ముఖ్యము.

ఇచటనే విలుకానికి చిక్కు వచ్చును. తుపాకి పట్టినవాడు దానిని ముందుగనే గురిపెట్టి బొమ్మవలె కూర్చుండవచ్చును. విలుకాడు ఆ చివరి క్షణమున, పక్షి కన్నుల ఎదుట, నారిని అర మీటరు వెనుకకు లాగి తీరవలెను. ఈ అర మీటరు కదలిక వలన అతనికి కలుగు లాభమేమి? దానిని లెక్కించి చూతము.

వింటిలో దాగు శక్తి

విల్లు ఒక బల్లకమాను వంటిది. దానిని వంచినపుడు అమ్ము పోవు దిక్కుననున్న వెలుపలి ముఖము సాగును. విలుకాని వైపుననున్న లోపలి ముఖము నొక్కుకొనును. ఈ రెంటి నడుమ సాగని, నొక్కబడని పొర ఒకటి యుండును. విల్లు చేయువానికి కావలసినది సాగుటకును నొక్కుడునకును ఓర్చుకొని, విడిచినంతనే పూర్వపు ఆకారమును పొందు పదార్థము. వెదురు ఇందుకు ఎంతయు తగినది. వెదురు బద్దలో నారపోగులు పైచర్మమువైపు దట్టముగాను, లోపలివైపు పలుచగాను ఉండును. లాగుడునకు ఓర్చునవి ఆ పోగులే. అందువలన పైచర్మమును వెలుపలి ముఖముగా నుంచి విల్లు చేయుదురు. నడుమ మందముగాను, కొనలవైపు సన్నముగాను చెక్కుటకును కారణమున్నది: వంపు ఒత్తిడి పిడి దగ్గర అధికము; కొనలు తేలికగా నున్ననే త్వరగా ముందుకు దూకగలవు.

నారిని లాగిన కొలది వలసిన బలము పెరుగుచుండును. ఒక వింటిని అర మీటరు లాగుసరికి బలము సున్న నుండి 200 న్యూటనులకు పెరిగినదనుకొందము. ఇది సుమారు 20 కిలోల బరువును ఎత్తుటకు వలసిన బలము. పెరుగుదల సమముగా నున్నచో సగటు బలము 100 న్యూటనులు. పని అనగా బలమును దూరముచే గుణించిన ఫలము కనుక, 100 × 0.5 = 50 జౌళ్లు. ఐదు కిలోల బియ్యపు సంచిని నేలనుండి ఒక మీటరు ఎత్తునకు లేపుటకు పట్టు శక్తి ఇంతయే. అది ఇపుడు వంగిన వింటిలో స్థితిజశక్తిగా నిలిచియున్నది.

నారిని విడిచినపుడు ఈ 50 జౌళ్లును అమ్మునకు చేరవు. అమ్ముతోపాటు వింటి కొమ్ములును, నారియు కదలవలెను గదా. దక్షత 60 శాతమనుకొన్నచో అమ్మునకు 30 జౌళ్లు దక్కును. అమ్ము 30 గ్రాములు, అనగా 0.03 కిలోలు అయినచో, గతిజశక్తి సూత్రము ప్రకారము వేగపు వర్గము 2 × 30 ÷ 0.03 = 2000. కావున వేగము సెకండుకు సుమారు 45 మీటర్లు. గంటకు 160 కిలోమీటర్లు.

అదే వింటికి బరువైన అమ్మును సంధించినచో వేగము తగ్గును గాని, శక్తిలో ఎక్కువ భాగము అమ్మునకు చేరును. అమ్మే లేకుండ నారిని లాగి విడిచినచో శక్తియంతయు వింటిలోనే మిగిలి, కొమ్ములను అదరగొట్టి, విల్లు చీలుటకు కారణము కావచ్చును. ఉత్త నారిని లాగి విడువరాదను విలుకాండ్ర కట్టుబాటు ఈ కారణము వలన పుట్టినదే.

నెమ్మదిగా తీసికొని, వేగముగా ఇచ్చుట

పై లెక్కలో ఒక విశేషమున్నది. విలుకాడు 50 జౌళ్లు ఇచ్చి 30 మాత్రమే పొందినాడు. మరి విల్లు వలన లాభమేమి? కాలమును గమనించినచో ఇది తెలియును. నారిని లాగుటకు రెండు సెకండ్లు పట్టినదనుకొన్నచో చేయి పనిచేసిన సామర్థ్యము 25 వాట్లు. విడిచిన నారి తన స్థానమునకు చేరుటకు సుమారు సెకండులో యాబదవ వంతు పట్టును. ఆ స్వల్పకాలములో 30 జౌళ్లు అమ్మునకు అందినవి. సామర్థ్యము 1500 వాట్లు. అనగా రెండు అశ్వశక్తుల పంపుసెట్టు మోటారుతో సమానము. విల్లు శక్తిని సృష్టింపలేదు. మనుష్యుని కండరములు బలముగా లాగునపుడు వేగముగా కదలలేవు, వేగముగా కదలునపుడు బలముగా లాగలేవు. నెమ్మదిగా పెట్టిన శక్తిని నిలువచేసి, ఒక్కసారిగా తిరిగి ఇచ్చుట వింటి పని. శక్తిని నిలువచేయు యంత్రములలో ఇది మిక్కిలి ప్రాచీనమైనది. శ్రీలంకలోని ఫాహియన్ గుహలో సుమారు 48,000 సంవత్సరముల నాటి ఎముక ములుకులు దొరికినవి. వాని పరిమాణమును, అరుగుదలను పరీక్షించి అవి బాణపు ములుకులని శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిరి.

సంప్రదాయపు వింటికి ఒక కష్టమున్నది. నారిని పూర్తిగా లాగినపుడే బలము గరిష్ఠముగా నుండును. 20 కిలోల బరువును చేతులతో పట్టి నిలిపినట్లే. కొద్ది సెకండ్లలో చేయి వణకును. 1966లో అమెరికాలో హోలెస్ విల్బర్ ఆలెన్ పేటెంటుకు దరఖాస్తు చేసి, 1969లో పొందిన చక్రముల విల్లు ఈ కష్టమును తొలగించినది. దాని కొనలయందలి ఇరుసు తప్పిన చక్రముల వలన, లాగుడు చివరకు వచ్చుసరికి బలము చాల తగ్గిపోవును. విలుకాడు నింపాదిగా గురి చూడవచ్చును. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచిన విజయవాడ క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ ఉపయోగించునది ఇట్టి విల్లే. పాతకాలపు వింటితో వేటాడువానికి ఆ సౌకర్యము లేదు. పక్షి ముందుకు వచ్చినపుడు లాగవలెను. లాగిన వెంటనే విడువవలెను.

అమ్ము తిన్నగా పోవునా?

అమ్ము పిడికి ఒక ప్రక్కన ఆనియుండును. కాని నారి విడిచినపుడు వింటి మధ్యరేఖకు తిరిగి వచ్చును. కనుక అమ్ము వెనుక కొన మధ్యకు వచ్చుచుండగా ముందు కొన ప్రక్కకు తొలగవలెను. అయినను మంచి అమ్ము గురివైపే పోవును. విలువిద్యలో దీనిని విలుకాని విరోధాభాసమని అందురు. అమెరికా ఇంజనీరు క్లారెన్స్ హిక్‌మన్ 1930 తరువాతి సంవత్సరములలో అతివేగ చలనచిత్రములు తీసి ఈ చిక్కును విప్పెను. నారి తోపునకు అమ్ము కర్ర విల్లువలె వంగును. ఆ వంపుతో పిడిని ఒరయక తప్పించుకొని, తిరిగి మరియొక ప్రక్కకు వంగి, నీటిలో చేపవలె అటునిటు ఊగుచు ముందుకు పోవును. కన్ను పట్టలేనంత త్వరగా ఇది జరుగును.

కావున వింటికి తగిన అమ్ము అనగా తగిన పొడవు గలది మాత్రమే కాదు, తగిన బిరుసు గలది. మరీ మెత్తనిది ఎక్కువగా వంగి ఒక ప్రక్కకు పోవును. మరీ బిరుసైనది వంగక రెండవ ప్రక్కకు పోవును. అమ్ము కర్రలను వ్రేళ్లతో వంచి చూచి ఏరుకొను విలుకాండ్రు, ఈ సూత్రమును పేరు తెలియకయే పాటించుచున్నారు.

ఊగుచున్న అమ్మును సరిచేయునవి వెనుకనున్న ఈకలు. ములికి బరువు వలన గరిమనాభి ముందుకు జరుగును. ఈకల వలన గాలి ఆటంకము వెనుక ఎక్కువగును. అమ్ము ప్రక్కకు తిరిగినపుడెల్ల గాలి దాని తోకను పట్టి మరల వరుసకు తెచ్చును. ఈకలకు సహజముగా నుండు వంపు వలన అమ్ము తన చుట్టు తాను తిరుగును. ఎడమ రెక్క ఈకలును కుడి రెక్క ఈకలును ఎదురెదురుగా వంగియుండును కనుక, ఒక అమ్మునకు కట్టు ఈకలన్నియు ఒకే రెక్కవై యుండవలెను. ఈ పనికి నేడు ఎక్కువగా వాడబడునవి టర్కీ రెక్క ఈకలు. అవి పెంపకపు పక్షులనుండి వచ్చును. టర్కీపైకి పోవు అమ్మును సరియైన దారిలో నడుపునవి సాధారణముగా టర్కీ ఈకలే.

దూరము రెట్టింపైన తప్పు నాలుగింతలు

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. సెకండుకు 45 మీటర్ల వేగముతో పోవు అమ్మును 45 డిగ్రీల కోణమున విడిచినచో, గాలి ఆటంకము లేనియెడల 206 మీటర్లు పోవలెను. గాలి వలన అంతకంటె తక్కువ పోవును. అంత దూరము పోవునది ఇరువది మీటర్ల దూరపు పక్షిని కొట్టుటకు ఏల చాలదు?

మొదటి కారణము భూమ్యాకర్షణ. అమ్ము 10 మీటర్లు పోవుటకు 0.22 సెకండ్లు పట్టును. ఆ కాలములో అది 24 సెంటీమీటర్లు క్రిందికి పడును. 20 మీటర్లు పోవుటకు 0.44 సెకండ్లు, పడుట 97 సెంటీమీటర్లు. విలుకాడు దీనిని సవరించుకొని కొంచెము పైకి గురిపెట్టును. కాని ఎంత పైకి అనునది దూరమునుబట్టి ఉండును. అతని చేతిలో కొలత బద్ద లేదు. దూరమును కన్నులతో అంచనా వేయవలెను. అంచనాలో ఐదవ వంతు తప్పు జరిగినదనుకొందము. పది మీటర్లనుకొన్నది నిజముగా 12 మీటర్లైనచో, అమ్ము గురికంటె సుమారు 6 సెంటీమీటర్లు క్రిందుగా తగులును. 20 అనుకొన్నది 24 అయినచో, 23 సెంటీమీటర్లు క్రిందుగా పోవును. అంచనా తప్పు అదే నిష్పత్తిలోనిది, దూరము రెట్టింపు, గురి తప్పుట నాలుగింతలు. పడు దూరము కాలపు వర్గము ననుసరించి పెరుగుటయే దీనికి కారణము.

అమ్ము చంపు విధమును గూడ ఇచట గుర్తుంచుకొనవలెను. తూటా తాకిడి వంటిది కాదు అమ్ము తాకిడి. పదునైన ములికి లోపలి అవయవములను, రక్తనాళములను కోయవలెను. ఎంత పెద్ద టర్కీలోనైనను గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు బత్తాయి పండంతయే. చుట్టునున్నదంతయు ఈకలు, రెక్కలు. 6 సెంటీమీటర్ల తప్పును ఆ చోటు కొంతవరకు మన్నించును. 23 సెంటీమీటర్ల తప్పును మన్నింపదు. పక్షి గాయముతో పొదలలో దూరి, ఎవరికిని దక్కక, బాధపడి చచ్చును. దూరమునుండి కొట్టరాదను వేటగాండ్ర నియమమునకు ఈ లెక్కయే ఆధారము.

రెండవ కారణము ధ్వని. నారి టంకారము సెకండుకు సుమారు 340 మీటర్ల వేగముతో అమ్మును దాటి పోవును. 20 మీటర్ల దూరముననున్న పక్షికి అది 0.06 సెకండ్లలో చేరును. అమ్ము చేరుటకు ఇంకను 0.38 సెకండ్లున్నది. ఆ వ్యవధిలో బెదరిన పక్షి మెడ వంచగలదు, అడుగు వేయగలదు, రెక్క విప్పగలదు. పది మీటర్ల దూరములో ఈ వ్యవధి 0.19 సెకండ్లకు తగ్గును. విలుకాండ్రు నారికి బొచ్చు ముక్కలు, ఉన్ని పోగులు కట్టి టంకారమును తగ్గించుటకు యత్నింతురు. అయినను అది పూర్తిగా అణగదు.

కనుక వింటి నిజమైన పరిమితి అది విసరగల దూరము కాదు. తప్పు తక్కువగా నుండు దూరము. ఈ అర్థములో విల్లు దగ్గరి ఆయుధము.

ఇద్దరు వేటగాండ్రు

ఇరువది మీటర్ల లోపలికి చేరవలెను. పక్షి 270 డిగ్రీలు చూచుచున్నది. నారి లాగుటకు కదలక తప్పదు. ఈ మూడు షరతులను ఒక్కడు నెరవేర్చుట కష్టము. అందువలన టర్కీ వేటకు ఇద్దరు పోవుదురు.

వసంతకాలమున పుంజు గట్టిగా కూసి పెట్టలను పిలుచును. సాధారణముగా పెట్టయే ఆ కూత వినబడు చోటికి పోవును. పెట్ట గొంతు వినబడియు అది రానపుడు పుంజే వెదకుచు రావచ్చును. ఇద్దరిలో ఒకడు చెక్కపెట్టె అంచుపై దాని మూతను రాపిడి చేసి, లేదా పలకపై పుల్లను రాచి, పెట్ట కూతను అనుకరించును. రెండవవాడు విల్లు పట్టి అతనికి పది పదిహేను మీటర్లు ముందు పొదచాటున కూర్చుండును. పుంజు చెవులు ధ్వని దిక్కును చక్కగా పట్టగలవు. కావున అది కూత వచ్చిన చోటునే చూచుచు, దానివైపే నడచును. దారిలో విలుకాని ప్రక్కగా పోవును. పక్షి ఏ చెట్టు వెనుకకో పోయినపుడు, లేదా తోక విప్పి ఆడుచు వెనుకకు తిరిగి ఆ విసనకఱ్ఱచే తన కన్నులనే కప్పుకొన్నపుడు, విలుకాడు నారిని లాగును. పిలుచువాని పని పక్షి చూపును తనవైపు నిలుపుట. విలుకాని పని ఆ చూపు లేని క్షణమును వాడుకొనుట. మన పల్లెలలో దీమపు పిట్టను పంజరములో పెట్టి కౌజులను రప్పించు పాత పద్ధతియు ఈ సూత్రముపైననే ఆధారపడినది.

వింటి వేటలో స్నేహమునకు చరిత్రలో నిలిచిన ఉదాహరణము ఒకటి కలదు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణము చెంతకు, తనవారందరు నశింపగా మిగిలిన యాహి తెగవాడు ఒకడు వచ్చెను. అతనిని ఇషి అని పిలిచిరి. విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో అతనికి ఆశ్రయమిచ్చిరి. అతనికి వైద్యము చేసిన సాక్స్‌టన్ పోప్ అను శస్త్రవైద్యుడు అతనికి మిత్రుడై, శిష్యుడై, విల్లు చేయుట, అమ్ము కూర్చుట, అడవిలో నడచుట నేర్చెను. వ్రేళ్లను పెదవులకు చేర్చి కుందేలు ఆర్తనాదమువంటి ధ్వని చేసి జంతువులను దగ్గరకు రప్పించుట ఇషికి తెలియును. 1916లో ఇషి క్షయవ్యాధితో మరణించెను. పోప్ ఆ తరువాత పలు దేశముల విండ్లను సేకరించి, వాని బలమును, అమ్ము పోవు దూరమును కొలిచి ప్రకటించెను. ఒక తెగతో అంతరింపవలసిన విద్య, ఇద్దరి స్నేహము వలన శాస్త్రముగా మిగిలినది.

నల్లమల విల్లు

మనకు ఇట్టి విద్య గలవారు నల్లమల చెంచులు. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లో నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమిపై చెంచులతో కలిసి తిరిగి, 1943లో వారిపై గ్రంథము ప్రచురించెను. విల్లంబులు, గొడ్డలి, దుంపలు త్రవ్వు కోల వారి ముఖ్య సాధనములు. వీనిలో వారి కడుపు నింపినది విల్లు కంటె త్రవ్వు కోలయే. దుంపలు, పండ్లు, ఆకులు నిత్యాహారము. మాంసము ఎపుడో దొరకునది. మనము వేసిన లెక్కలు చూచినవారికి ఇది ఆశ్చర్యము కాదు. ఎంత నేర్పరి చేతిలోనైనను విల్లు అనేక పర్యాయములు ఉత్తచేతులతో ఇంటికి పంపు సాధనము.

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. 1963 నుండి జాతీయపక్షియైన నెమలికి అందులో అత్యున్నత రక్షణ కలదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనులకు అడవి ఉత్పత్తులపై హక్కును గుర్తించినను, వేట హక్కును మినహాయించినది. అమెరికాలో వేరొక మార్గమును అనుసరించిరి. అచట విచ్చలవిడి వేట వలనను, అడవులు నరుకుట వలనను ఇరువదవ శతాబ్ది ఆరంభము నాటికి టర్కీ అనేక రాష్ట్రములలో కనుమరుగైనది. 1937 నాటి చట్టముచే తుపాకులపైనను, తూటాలపైనను పన్ను ధనమును వన్యప్రాణుల రక్షణకు కేటాయించిరి. తరువాత ఆ పన్నును విల్లంబులకును విస్తరించిరి. మిగిలిన పక్షులను వలలతో పట్టి ఖాళీ అడవులకు చేర్చిరి. నేడు వాని సంఖ్య లక్షలలో ఉన్నది. మన దేశమున జనసాంద్రత ఎక్కువ, మిగిలిన అడవి తక్కువ. కావున మనము ఎన్నుకొన్నది నిషేధము.

నిషేధము పక్షిని కాపాడును. కాని జాడ చూచుట, కదలక యుండుట, ధ్వనిని పోల్చుట అను విద్య ఏమగును? నల్లమలలో అది మరియొక పనిలోనికి మారినది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యములో చెంచులు రక్షకులుగా పనిచేయుచున్నారు. జంతువు జాడను పోల్చగల కన్ను నేడు దానిని కాచుటకు ఉపయోగపడుచున్నది. చేతిలోని పనిముట్టు మారినది. దగ్గరకు చేరు విద్య అదియే.

పాఠశాలలో రెండు ప్రయోగములు

మొదటిది. 1.2 మీటర్ల వెదురు బద్దను నడుమ మందముగా నుంచి కొనలవైపు చెక్కి, నైలాను త్రాడుతో చిన్న విల్లు చేయవలెను. పిడిని బల్లకు బిగించి, నారికి స్ప్రింగు త్రాసు తగిలించి, ఐదేసి సెంటీమీటర్లు లాగుచు ప్రతిసారి బలమును వ్రాసికొనవలెను. 30 సెంటీమీటర్లు దాటవలదు. రేఖాపటము గీచి, రేఖ క్రింది గడులను లెక్కించినచో వింటిలో చేరిన శక్తి తెలియును. తరువాత ములికి లేని పుల్లకు గుడ్డ ఉండ చుట్టి తూచి, నేలకు 1.25 మీటర్ల ఎత్తున సరిగా అడ్డముగా విడువవలెను. ఆ ఎత్తునుండి ఏ వస్తువైనను సుమారు అర సెకండులో నేలను తాకును. కావున పుల్ల పోయిన దూరమును రెట్టింపు చేసినచో సెకండునకు దాని వేగము వచ్చును. దానినుండి గతిజశక్తిని, వింటి దక్షతను కట్టవచ్చును. పుల్ల బరువును మార్చి దక్షత ఎట్లు మారునో చూడవలెను. ఒకడు విడువగా ఒకడు వ్రాయవలెను, ఎదుట ఎవరును ఉండరాదు, ఆకాశమువైపు విడువరాదు, వెనుక మట్టికట్ట ఉండవలెను, ఉపాధ్యాయుడు లేనిదే ప్రయోగము చేయరాదు.

రెండవదానికి విల్లు అక్కరలేదు. ఇద్దరు మిత్రులు ఉదయమున చెరువు గట్టుకో, బీటికో పోవలెను. ఒకడు కదలక నిలువగా, రెండవవాడు మేయుచున్న నెమలివైపు నెమ్మదిగా నడువవలెను. పక్షి తల ఎత్తినపుడు దూరమెంత? తొలగిపోవుటకు ఆరంభించినపుడు ఎంత? నిలిచినవాడు సైగ చేయగా, నడచువాడు అడుగులతో కొలిచి వ్రాసికొనవలెను. నడకయొక్క వేగమును, దుస్తుల రంగును, వచ్చు దిక్కును మార్చి పది రోజులు ఇట్లు చేసినచో ఒక పట్టిక తయారగును. వానకాలము గ్రుడ్లు పెట్టు కాలము. నెమలి గూడు నేలపైననే యుండును కనుక ఆ నెలలలో ఈ పని మానవలెను. ఒకసారి బెదరిన పక్షిని ఆ దినమున మరల వెంబడింపరాదు.

ఈ పట్టికలోని అంకెలు ఊరికి సమీపమున ఒక విధముగాను, కర్మాగారము చెంత మరియొక విధముగాను, జనసంచారము లేని బీటిలో వేరొక విధముగాను ఉండవచ్చును. మన నడుమ మిగిలిన పక్షులు మనలను ఎంత దూరమువరకు నమ్ముచున్నవో అవి తెలుపును. ఒక పాఠశాల విద్యార్థులు ప్రతి సంవత్సరము ఇట్టి కొలతలు తీసి భద్రపరచినచో, పరిసరములలో వచ్చు మార్పులను తెలుపు విలువైన చరిత్ర పది సంవత్సరములలో వారి చేతనే సిద్ధమగును.